పూలకప్పుల చాయ్

"పెద్దబాపూ, నువ్వు మస్కట్ నుంచి మొత్తానికే వచ్చేసినంక, మొదట్ల నీకు ఇల్లు ఎట్లనిపించింది?"

ఎట్లనిపించిందంటె... ఆగు, జర చాయ్ తాగనీ. నువ్వు గూడ తాగు, సల్లారిపోతది. నా మాట ఫోన్ల ఎక్కుతున్నదా? ఎక్కనీ. నేను మస్కట్ పోయిన కొత్తల క్యాసెట్ల మాటలు నింపి, ఊరికి వచ్చేటోళ్ల చేతికిచ్చి పంపేది. ఫోన్ చేద్దామంటె నిమిషానికింత అని మీటరు ఉరుకుతుండె, దాన్ని చూసుకుంట మాట్లాడితె మాటలేమొస్తయి? మీ పెద్దమ్మ గూడ ఒక క్యాసెట్ నింపి పంపింది. రూముల అందరి నడుమ పెట్టి ఇన్న. ఏముంది అండ్ల? ఆమె రెండు మాటలు మాట్లాడింది, తర్వాత సిగ్గువడ్డది, మిగిలిందంత మా బర్రె అరుసుడే. అటుపక్క తిప్పితె గూడ బర్రెనే. రూమోళ్లు మస్తు నవ్విన్రు. కని నరేశా, మల్లొకసారి పెట్టమన్నది గూడ వాళ్లే.

సరే, నువ్వడిగింది ఇల్లు ముచ్చట. ముందుగాల ఇది చూడు. మీ పెద్దమ్మ నీకు చాయ్ దేంట్ల పోసింది? పూలకప్పుల. కింద సాసర్ గూడ పెట్టింది. నాకు? సొట్టవడ్డ స్టీల్ గిలాసల. నువ్వు మా తమ్ముని కొడుకువే, గీ వాకిట్లనే ఆడుకుంట పెరిగినవ్. కని దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినవ్, వచ్చే ఆదివారం మల్ల విమానం ఎక్కుతవ్. అందుకే నీకు పూలకప్పు. నా ముచ్చటంత గా కప్పుకు, గీ గిలాసకు నడుమనే ఉన్నది. కప్పు నుంచి గిలాసకు రానీకి నేను ఎంత తండ్లాడిన్నో చెప్త, ఇను.

సెలవు మీద వచ్చుడు వేరే. అది నీకు తెల్వంది కాదు. వచ్చిన దినం ఊరంత వస్తరు, కార్టన్ తాడు కోసేదాక ఎవ్వలు లేవరు. పులిబొమ్మ దుప్పటి, నొప్పుల బామ్, సెంటు సీసా, ఎవ్వలిది వాళ్లకు ముట్టాలె. ఇంట్ల దినాం కోడికూర. కొన్ని దినాలకు కడుపుల కోడి కూసినట్టయితది, కని వద్దంటె ఇంట్లామె నారాజ్ అయితది. బయటికెళ్తె ఎవ్వలు కలిసినా ఒక్కటే మాట. "ఎప్పుడొచ్చినవే, ఎప్పుడు పోతున్నవ్?" రెండు ఒక్క ఊపిరిల అడుగుతరు. మా పక్కింటి సాయన్న అయితె వచ్చిన ముచ్చట మింగి, సీదా పోయేదే అడుగుతడు. మంచోడే, ఆయనను ఏమనను. అడుగుడు ఆయనకు అలవాటు, అంతే.

నా పని ఏందో నీకు తెల్సు గద. రోడ్డు పొంటి చెట్లకు నీళ్లు పట్టుడు. ఇక్కడ పోచారం కాలువ నీళ్లు మన మడి పక్కపొంటి పోతుంటె, వాటిని ఇడిసిపెట్టి, సముద్రం దాటిపోయి, ఎడారిల పూలచెట్లకు పైపుతోని నీళ్లు పట్టిన. నా అంత తెలివిగల్ల రైతు నాగిరెడ్డిపేట మండలంల ఇంకొకడు ఉండడనుకున్న. పోయి చూస్తె మేముండే కూలోళ్ల క్యాంపు నిండ అటువంటి తెలివిగల్లోళ్లే. ఎల్లారెడ్డోళ్లు, రామారెడ్డోళ్లు, మహమ్మద్‌నగరోళ్లు. ఇక్కడ ఒకలి మొఖం ఒకలం చూడనోళ్లం, అక్కడ ఒక్క పళ్లెంల తిన్నం.

అక్కడి మంచి గూడ చెప్పాలె. అక్కడ మనిషి రోడ్డు మీద కాలు వెడితె కారు ఆగుతది. ఎంత పెద్ద కారైనా, లోపట ఎంత పెద్దమనిషి కూసున్నా ఆగుతది. నాకు అదొక్కటి మస్తు అలవాటైంది. మొత్తానికి వచ్చేసిన నాడు కామారెడ్డిల దిగిన. మీ అక్క రామారెడ్డిల ఉంటది గద, నా బిడ్డను చూసి పోదామని. మిఠాయి దుకాన్ రోడ్డుకు అవతలి పక్క ఉన్నది. నేను తెల్ల చారల మీద కాలు వెట్టి, చెయ్యి జర లేపి, షేక్ లెక్క నిలవడ్డ. ఒక్కడు ఆగలే. ఒక ఆటో నా చెప్పు కొస ముట్టుకుంట పోయి ముంగట ఆగింది. ఆగిందని ఖుషి అయిన. ఆటోయన తల బయటవెట్టి, "ఏం కాకా, గల్ఫ్ నుంచి దిగినవా?" అన్నడు. ఎట్ల తెల్సింది అన్న. "ఇక్కడోళ్లు ఉరుకుతరు" అన్నడు. ఆయనే మల్ల నన్ను ఎక్కించుకొని, గుండ్రంగ తిప్పి, మిఠాయి దుకాన్ ముంగట దించిండు. కిరాయి వద్దన్నడు. రోడ్డు దాటనీకి ఆటో ఎక్కినోన్ని కామారెడ్డిల నేనొక్కన్నే కావచ్చు.

ఇగ ఇంటికొచ్చిన. ఇను, నవ్వకు. క్యాంపుల బాత్రూమ్ ముంగట బకెట్ల లైన్ ఉంటది, నీకు ఎరుకే. ఇంటికొచ్చిన తెల్లారి పొద్దుగాలనే లేసి, బకెట్ వట్టుకొని, మన బాత్రూమ్ తలుపు ముంగట నిలవడ్డ. ఎంతసేపు నిలవడ్డనో నాకే తెల్వది. లోపట ఎవ్వలు లేరు. మీ పెద్దమ్మ వాకిలి ఊడ్సుకుంట చూసింది. ఏమనలే. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఏమంటరు?

అక్కడ సెలవు శుక్రవారం గద, ఇక్కడ గూడ శుక్రవారం పొద్దెక్కేదాక పండుకునేది. ఆదివారం పొద్దుగాలనే అంగి లాగు తొడుక్కొని తయారయ్యేది. తయారయి ఎక్కడికి పోవాలె? అరుగు మీద కూసునేది. బర్రెను తోలుదామని పోయి, అలవాటుల అరబ్బీల "యల్లా, యల్లా" అంటె అది మెడ తిప్పి నా దిక్కు చూసి, కదలకుంట నిలవడ్డది. నేను పక్కకుంటె పాలు గూడ చేపకపోయేది. క్యాసెట్ల అరిసిన బర్రె మనుమరాలు అది. వాళ్ల అవ్వ అరుసుడు మస్కట్ల నేను ఎంతమందికి ఇనిపించిన్నో దానికి ఏం తెల్సు?

ఇంకొకటి చెప్త. వెనకటి క్యాసెట్లు పోయి మొఖాలు చూసుకునే ఫోన్లు వచ్చినయి గద. మన ఇంట్ల సిగ్నల్ ఒక్క కాడనే వస్తది. మీ పెద్దమ్మ దినాం అక్కడనే కూసోని మాట్లాడేది, ఆమె ఎనుక నీలిరంగు గోడ. ఏండ్లకేండ్లు నాకు ఇల్లంటె ఆ గోడనే. వచ్చి చూస్తె చక్కెర డబ్బ ఏడుంటదో తెల్వది, లైటు స్విచ్ ఏదో తెల్వది. గోడ మాత్రం మస్తు తెల్సు. దాని మీద తిరిగే బల్లి గూడ తెల్సు. సల్లని నీళ్లు కావాలంటె ఆమెను అడిగేది. ఫ్రిజ్ తలుపు ఎనుక ఉన్నదట. పోయిన సెలవు తర్వాత నేను పంపిన పైసలతోని కొన్న ఫ్రిజ్, అది గూడ నేను చూడలే.

ఇప్పుడు అసలు ముచ్చట. క్యాంపుల మనిషికి అల్మారి ఉండది. మంచం కింద బ్యాగు, బ్యాగుకు తాళం, తాళంచెవి మొలతాడుకు. అంగి కావాలంటె వంగి తాళం తీస్తవ్, అంగి తీసి మల్ల తాళమేస్తవ్. ఇంటికొచ్చినంక గూడ నేను గట్లనే చేసిన. మంచం కింద బ్యాగు, దానికి తాళం, నడుముకు చెవి. ఎందుకని అడుగకు. నేను అనుకొని చెయ్యలే, చేతులు చేసుకుంట పోయినయి. సొంత ఇంట్ల, సొంత పెండ్లాం ముంగట, పాత అంగీలకు తాళమేసుకున్న మొగోన్ని ఏడనన్న చూసినవా?

మీ పెద్దమ్మ నన్ను ఏ పని ముట్టనియ్యకపోయేది. గడ్డపార వట్టుకుంటె "మీరు కూసోన్రి" అనేది. పొలం కాడికి వస్తనంటె "ఎండ తగులుతది" అనేది. నేను మస్కట్ ఎండల రోడ్డు పొంటి నిలవడి పనిచేసినోన్ని, నాకు నాగిరెడ్డిపేట ఎండ తగులుతదట. కోడికూర బంద్ కాలే. ఆమె ఈ సొట్ట గిలాసల తాగేది, నాకు గా పూలకప్పుల పోసి, సాసర్ వెట్టి, రెండు చేతులతోని ఇచ్చేది. మొదట్ల మంచిగనే అనిపించింది, అబద్ధమెందుకు. మీసం గూడ జర తిప్పిన. కొన్ని దినాలైనంక ఆ కప్పు చూస్తెనే బుగులు పుట్టుడు మొదలైంది. ఇల్లు నడుస్తనే ఉన్నది. పాలు పోతున్నయి, కూలోళ్లు వస్తున్నరు, మడికి నీళ్లు పారుతున్నయి. నేను లేకుంట అన్ని నడుసుడు నేర్సుకున్నయి. నేను ఎక్కడ పట్టాలెనో నాకు తెలుస్తలేదు.

అప్పుడే మా సూపర్వైజర్ ఫోన్ చేసిండు. మలయాళీ ఆయన, మనసున్నోడు. "నీ జాగ ఖాళీగనే ఉన్నది. కొత్తోళ్లు పైపు వట్టుడు రాక చెట్లను ముంచుతున్నరు. వస్తనంటె వీసా చేయిస్త, శుక్రవారం నాటికి చెప్పు" అన్నడు. చెప్త సార్ అన్న. ఫోన్ పెట్టేసినంక అరుగు మీద కూసోని ఆలోచన చేసిన. ఇక్కడ నన్ను పిలిచేటోడు లేడు, అక్కడ చెట్లు పిలుస్తున్నయి. మీ పెద్దమ్మకు చెప్పలే. నాకు నేనే ఒక షరతు వెట్టుకున్న. శుక్రవారం లోపట ఈ ఇంట్ల నన్ను ఇంటోని లెక్క ఒక్కసారి చూస్తె ఉంట, లేకుంటె పోత. షరతు వెట్టినట్టు ఆమెకు తెల్వది. నా అకల్ ఎంతదో చూడు.

అప్పటికి కోతలైనయి. వడ్లు రోడ్డు మీద ఆరబోసినం. సగం రోడ్డు వడ్లకు, సగం రోడ్డు ఎల్లారెడ్డి బస్సుకు, ఎప్పటి లెక్కనే. బేస్తారం నాడు మీ పెద్దమ్మ గోనెసంచుల కోసం కొనుగోలు కేంద్రానికి పోవాల్సి వచ్చింది. వానొస్తె వడ్ల మీద కప్పే పరదా చుట్టి పక్కన వెట్టింది. నాకు కుర్చీ ఏసింది. "పని ఏం లేదు, ఉత్తగ నీడకు కూసోన్రి, జల్ది వస్త" అన్నది. అది పని చెప్పుడు కాదు, నన్ను ఒక దిక్కు కూసోవెట్టుడు. కూసున్న.

కొంచెం పొద్దు వంగినంక పోచారం దిక్కు మొగులైంది. సల్లగాలి వచ్చింది. మట్టి వాసన వచ్చింది. నరేశా, ఇప్పుడు చెప్పేది ఇంకెవ్వలకు చెప్పకు. అంటె, ఊరందరికి తెల్సు, అయినా చెప్పకు. మస్కట్ల వాన ఎట్లుంటదో నీకు దుబాయ్‌ల ఎరుకే గద. ఎప్పుడో ఒకసారి పడ్తది. పడ్డదంటె పని బంద్. పైపులు ఆడనే పారేసి అందరం బయట నిలవడి, మొఖం పైకి వెట్టి తడుస్తం. సూపర్వైజర్ గూడ వచ్చి పక్కన నిలవడ్తడు. ఇన్నేండ్లు నాకు వానంటె అదే. పని ఆపి తడుసుడు.

సినుకులు పడ్డయి. నేను లేసిన. చెప్పులు ఇడిసిన. రోడ్డు నడుమ నిలవడి, రెండు చేతులు సాపి, మొఖం పైకి వెట్టి, కండ్లు మూసుకున్న. అబ్బ, ఎంత సల్లగున్నదో. చుట్టూరంగ ఉరుకుడు ఇనవడుతున్నది. పాపం వానకు అందరు ఖుషి అయితున్నరనుకున్న. సాయన్న "పరదా, పరదా" అని ఒర్లుతున్నడు. కండ్లు తెరిసి ఆయనకు చెయ్యి ఊపిన. మల్ల మూసుకున్న.

మీ పెద్దమ్మ గోనెసంచులు నెత్తి మీద వెట్టుకొని ఉరికచ్చింది. సంచులు ఆడనే ఏసింది.

"ఓ మనిషీ, నీకు బుద్ధి ఉన్నదా? పంటంత నీళ్లల్ల కలుస్తుంటె చేతులు సాపి నిలవడ్డవేంది? వాన వస్తె కొట్టంలకు పోవాలెనని బర్రెకు తెలుస్తది, నీకు తెల్వదా? పట్టు ఆ కొస. గుంజు. అటు కాదు, గాలి దిక్కు పట్టు. రాళ్లు వెట్టు. ఇంక నిలవడి నా మొఖమేం చూస్తవ్, ఉరుకు."

ఉరికిన. ఒక కొస ఆమె, ఒక కొస నేను. గాలికి పరదా లేస్తున్నది. రాళ్లన్ని అందరు ముందే పట్టుకపోయిన్రు. ఏం చేద్దు? పరదా మీద బోర్ల పండుకున్న. రాయి దొరకలేదని నేనే రాయినైన. మీ పెద్దమ్మ తిడుతనే ఉన్నది. నన్ను తిట్టింది, మా అవ్వను తిట్టింది, మస్కట్‌ను తిట్టింది, మా సూపర్వైజర్‌ను తిట్టింది. ఆయన మొఖం గూడ ఆమె ఎన్నడు చూడలే. ఎల్లారెడ్డి బస్సు మా పక్కపొంటి నిమ్మలంగ పోయింది, లోపటోళ్లంత కిటికీలల్ల తలలు వెట్టి నన్ను చూస్తున్నరు. కింద వడ్లు తడుస్తున్నయని పానం కొట్టుకుంటున్నది. కని నీ మీద ఒట్టు, నాకు నవ్వొస్తున్నది. నవ్వితె ఇంక తిడుతదని మొఖం పరదాకు ఆనించుకున్న.

సగానికి సగం తడిసినయి. ఆ పొద్దు ఇంట్ల కోడి లేదు. సర్వల పొద్దటి బువ్వ, మిరపతొక్కు, ఉల్లిగడ్డ. "పెట్టుకొని తిను" అన్నది. పళ్లేలు ఏడుంటయో దేవులాడుకొని, పెట్టుకొని తిన్న. తిన్నంక చాయ్ తెచ్చి నా ముంగట ఠక్కున వెట్టింది. ఈ గిలాసల. పూలకప్పు తీసి కడిగే ఓపిక ఆమెకు లేకుండె.

జరసేపైనంక అడిగింది, "వానల అట్ల ఎందుకు నిలవడ్డవ్?" అని. మస్కట్ వాన ముచ్చట చెప్పిన. ఇన్నది. మొఖం అటు తిప్పుకున్నది, భుజాలు కదులుతున్నయి, నవ్వుతున్నదనుకున్న. నవ్వుతనే ఉండె. మల్ల నిమ్మలంగ అన్నది, "పోతె ఎప్పుడు పోతవో చెప్పు. వడ్లు ఎండవెట్టనీకి కూలోళ్లను చూసుకోవాలె."

"పోతనని ఎవరన్నరు?" అన్న.

"నీ బ్యాగు అన్నది" అన్నది. "మంచం కింద సర్ది వెట్టి, తాళమేసి, చెవి నడుముకు కట్టుకొని తిరుగుతున్నవ్. పోయేటోనికి పని ఎట్ల చెప్త? ఇవ్వాల చెప్తవా, రేపు చెప్తవా అని వచ్చిన కాడికెళ్లి చూస్తున్న. ఉన్నన్ని దినాలన్న మంచిగ తినిపోనీ అని కోళ్లను కోస్తున్న. గూడు ఖాళీ అయింది."

చూసినవా? ఆమె పని చెప్తదని నేను చూస్తున్న. నేను బ్యాగు ఇప్పుతనని ఆమె చూస్తున్నది. నడుమ కోళ్లు పోయినయి.

అప్పుడే చెవి తీద్దామంటె మొలతాడు తడిసి ముడి బిగుసుకపోయింది. ఎంత గుంజినా రాలే. మీ పెద్దమ్మ లోపటికి పోయి కొడవలి తెచ్చింది. ఆ పొద్దు తిన్న తిట్లకు, కొడవలి చూసి నాకు జర భయమైంది. తాడు కోసి చెవి తీసుకున్నది. తాళం తీసి, బ్యాగు తలకిందులు చేసి, అంగీలన్ని ఉతికే బట్టలల్ల ఏసింది. ఇగో, ఆ బ్యాగు అగో ఆ దూలానికి ఏలాడుతున్నది చూడు. పరదాలు మడిచి ఉన్నయి అండ్ల. మొగులైతె దాన్ని దించేది నేనే. ఇప్పుడు మన గల్లిల అందరికన్న ముందు మొగులు చూసేది గూడ నేనే.

తెల్లారి శుక్రవారం. సూపర్వైజర్ ఫోన్ చేసిండు. రాను సార్ అన్న. ఎందుకన్నడు. వడ్లు తడిసినయి, ఎండవెట్టాలె అన్న. ఎండినంక రా అన్నడు. ఎండినంక మల్ల నారు పొయ్యాలె సార్ అన్న. మల్ల అడిగిండు, "అక్కడ వాన పడ్డదా?" పడ్డదన్న. "బయట నిలవడ్డవా?" నిలవడ్డనన్న. మస్తు నవ్విండు. ఆయన గూడ మల్ల ఎప్పుడో వాళ్ల ఊరికి పోయి, వానల నిలవడి, వాళ్లింట్ల తిట్లు తినే ఉంటడు.

ఆ పొద్దే రోడ్డు మీద కాళ్లతోని వడ్లు తిప్పుతున్న, సాయన్న వచ్చిండు. ఎప్పుడు పోతున్నవ్ అంటడని తయారుగ నిలవడ్డ. ఆయన ఒక్క గుప్పెడు వడ్లు తీసి, నలిపి చూసి, "బాగ తడిసినయారా?" అన్నడు. అంతే. ఇన్నేండ్లల ఆయన నన్ను అడిగిన రెండో ప్రశ్న అది. నేను తువ్వాలతోని కండ్లు తుడుసుకున్న. వడ్లకే ఏడుస్తున్ననుకొని, "ఎండుతయి తీ" అని భుజం తట్టి పోయిండు. ఎండినయి గూడ. అమ్ముడువోయినయి.

ఇగ నీ ముచ్చట. నిన్న మీ ఇంటికొచ్చిన గద, నీ మంచం కింద బ్యాగు చూసిన. తాళం గూడ మా కంపెనీ తాళం లెక్కనే ఉన్నది. నవ్వకురా. నీ పెండ్లాం నిన్ను ఒక్క మాటన్న అన్నదా, వచ్చిన కాడికెళ్లి? అనలే గద. నీ బిడ్డ, ఆ చిన్న పొల్ల, నీ దగ్గరికి వస్తలేదని మొన్న నువ్వు అన్నప్పుడే నాకు తెల్సింది, నువ్వు ఈ ముచ్చట ఎందుకడుగుతున్నవో. ఆదివారం పోతవ్, పో, పోకుంట ఎట్ల నడుస్తది? కని ఇయ్యాల ఇంటికి పోయి తాళం తియ్యి. అంగీలు దండెం మీద ఎయ్యి. బ్యాగుల పొల్లను కూసోవెట్టి వాకిట్ల గుంజు, అది నవ్వుతది. శనివారం మల్ల సర్దుకుందువు తీ.

నేను పెద్దోన్ని, ఒక మాట దీవిస్త, తీసుకో. మల్ల వచ్చిన నాడు నీ పెండ్లాం నిన్ను వాకిట్ల నిలవెట్టి, ఇరుగుపొరుగు ఇనంగ తిట్టాలె. వచ్చిన తెల్లారే తిట్టాలె. నీ చేతిల చీపురో, బర్రె దుడ్డె తాడో ఏదో ఒకటి వెట్టాలె. నువ్వు ముసలోనివైనంక గూడ ఆమె తిడుతనే ఉండాలె, నువ్వు ఇంటనే ఉండాలె.

ఏమే, ఇనవడుతుందా? పోరనికి ఇంకొంచెం చాయ్ పొయ్యి. కప్పుల కాదు, గిలాసల పొయ్యి.

"గిలాస నీ చేతిల్నే ఉన్నది గద. ముచ్చట్లు చాలు, కడిగి తీస్కరా."

ఇన్నవా? అదీ... ఫోన్ బంద్ చెయ్యకు, కూసో, కడుక్కొస్త...